పదకొండు దాటితే తడబడే స్విచ్

ప్రశ్న: ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు ఆఫీసులో లెక్కలు రాస్తాను. కంప్యూటర్ల పని కూడా నా మీదే పడింది. 2013లో కొన్న 24 పోర్టుల మేనేజ్డ్ గిగాబిట్ స్విచ్ ఉంది, కంప్యూటర్లన్నిటినీ కేబుళ్లతో కలిపే పెట్టె అది. తొమ్మిది కంప్యూటర్లు, ట్యాలీ సర్వరు, ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె), 16 కెమెరాల పీఓఈ స్విచ్ (కేబుల్‌లోనే కరెంటు కూడా పంపేది), గేటు దగ్గరి కాటా గదికి వెళ్లే కేబుల్ అన్నీ దానికే. కాటా గది సుమారు 120 మీటర్ల దూరం. పత్తి సీజన్‌లో పదకొండు దాటితే ట్యాలీ బిగుసుకుపోతుంది. కాటా గదిలో పొద్దున్నే కూడా అప్పుడప్పుడు చీటీ సర్వరుకు ఎక్కదు, బండ్లు వరస కడతాయి. పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని చూసే కమాండ్) పెడితే నాలుగుకు నాలుగూ వస్తున్నాయి. స్విచ్ ఆపి వేస్తే పావుగంట బాగుంటుంది. కేబుల్ టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ వెలుగుతున్నాయి. కొత్త స్విచ్ కొనమని సేటుకు చెప్పమంటారా?

సమాధానం: ఇంకా చెప్పకండి. మీరు రాసినదాంట్లో ఒక జబ్బు కాదు, రెండు కనిపిస్తున్నాయి. ఆఫీసులో పదకొండు దాటాక మొదలయ్యేది ఒకటి, కాటా గదిలో పొద్దున్నే కూడా వచ్చేది ఇంకొకటి. కొత్త స్విచ్ తెచ్చి పెడితే మొదటిది పోతుందేమో గానీ రెండోది అక్కడే ఉంటుంది. డబ్బు పెట్టించాక కూడా గేటు దగ్గర బండ్లు ఆగితే మాట పడేది మీరే. అందుకే ప్యాకెట్లు (కేబుల్ మీద నడిచే డేటా ముక్కలు) ఎక్కడ పోతున్నాయి, ఏ వేళకు పోతున్నాయి అనేది ముందు కాగితం మీదికి రావాలి.

నాలుగు పింగులతో ఏమీ తేలదు. వందకు రెండు ప్యాకెట్లు పోయే లైన్‌లో కూడా నాలుగు పింగులు పెడితే పదిసార్లలో తొమ్మిదిసార్లు నాలుగూ తిరిగొస్తాయి. ట్యాలీ నత్తనడక నడవడానికి ఆ రెండు శాతం చాలు. కమాండ్ చివర హైఫన్ టీ చేర్చితే పింగ్ ఆగకుండా నడుస్తుంది. దాని పక్కనే హైఫన్ ఎల్ 1400 అని కూడా చేర్చండి. మామూలు పింగ్‌లో విండోస్ పంపేది 32 బైట్లే. అంత చిన్న ప్యాకెట్ చెడ్డ కేబుల్ మీద కూడా చాలాసార్లు గట్టెక్కుతుంది. 1400 బైట్లలో ఒక్క బిట్ చెడినా ప్యాకెట్ మొత్తం చెత్తబుట్టకే పోతుంది కాబట్టి లోపం త్వరగా బయటపడుతుంది.

వైఫై ఆపేసి, వైరుతో కలిసిన కంప్యూటర్‌లో మూడు విండోలు తెరవండి. ఒకటి సర్వరుకు, ఒకటి అదే స్విచ్‌కు తగిలిన పక్క కంప్యూటర్‌కు, మూడోది కాటా గది కంప్యూటర్‌కు. ఏదైనా ఒకటి మొదటి నుంచీ అసలు పలకకపోతే కంగారు పడొద్దు, అది ఎక్కువగా విండోస్ ఫైర్‌వాల్ (బయటి పిలుపులను అడ్డుకునే కాపలా) పని. ఆ కంప్యూటర్‌లో పింగ్‌కు అనుమతి ఇస్తే సరి. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి సాయంత్రం దాకా వదిలేయండి. గంట గంటకూ కంట్రోల్, బ్రేక్ కలిపి నొక్కితే పింగ్ ఆగకుండానే అప్పటిదాకా వెళ్లినవి ఎన్ని, వచ్చినవి ఎన్ని అని చూపిస్తుంది. ఆ అంకెలను గంటతో సహా పుస్తకంలో రాసుకోండి. ఇదే పనిని వేరే పోర్టుకు ఉన్న ఇంకో కంప్యూటర్ నుంచి కూడా చేయండి. ఒక్కచోట నుంచే చూస్తే మీ కంప్యూటర్ కేబులే దొంగ అయినా తప్పు స్విచ్ మీదికి పోతుంది.

రెండు చోట్ల మోసపోతారు. "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని వచ్చిన వరసలను విండోస్ చాలాసార్లు జవాబు వచ్చినట్టే లెక్క వేస్తుంది. అడుగున సున్నా శాతం లాస్ అని ఉన్నా పైన అలాంటి వరసలు ఉన్నాయేమో చూడాలి. రెండోది, స్విచ్ సొంత ఐపీ అడ్రసుకు (నెట్‌వర్క్‌లో దాని నంబరుకు) పింగ్ పెట్టి తీర్పు చెప్పకూడదు. ప్యాకెట్లను ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకు దాటించేది లోపలి స్విచింగ్ చిప్. పింగ్‌కు జవాబిచ్చేది చిన్న ప్రాసెసర్, దానికి పింగ్ ఆఖరి పని. స్విచ్ నిక్షేపంలా ఉన్నా ఆ జవాబులు ఆలస్యం కావచ్చు, రాకపోనూవచ్చు.

ఇంత చేశాక, కాటా గది ఒక్కటే పోతుంటే ఆ కేబుల్‌ను, దాని చివరనున్న సామానును పట్టుకోవాలి. మూడూ ఒకేసారి, రెండు కంప్యూటర్ల నుంచి చూసినా పోతుంటే స్విచ్, దాని కరెంటు. సర్వరు ఒక్కటే పోతుంటే దాని పోర్టు, ప్యాచ్ కార్డు (పోర్టుకు తగిలించే పొట్టి కేబుల్), లేదంటే అడ్రసు గొడవ. అడ్రసు గొడవ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. సర్వరుకు చేత్తో ఇచ్చిన ఐపీనే రౌటర్ ఇంకెవరి ఫోన్‌కో ఇచ్చేస్తే లక్షణం అచ్చం ప్యాకెట్ లాస్‌లాగే ఉంటుంది. బాగున్నప్పుడు ఒకసారి, ఆగినప్పుడు ఒకసారి ఆర్ప్ హైఫన్ ఏ కమాండ్ కొట్టి సర్వరు ఐపీ ఎదురుగా ఉన్న మ్యాక్ అడ్రసు (ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఉండే సొంత గుర్తు) చూడండి. అది మారిందంటే స్విచ్‌కు ఏ పాపమూ లేదు. రౌటర్ పంచే అడ్రసుల వరసలోంచి సర్వరు ఐపీని తప్పించండి.

మీది మేనేజ్డ్ స్విచ్, తన లెక్కలను బ్రౌజర్‌లో చూపించే రకం. అంటే సగం జవాబు దాని కడుపులోనే ఉంది. బ్రౌజర్‌లో దాని పేజీ తెరిచి ముందు అప్‌టైమ్ (ఆన్ అయి ఎంతసేపైందో చెప్పే అంకె) చూడండి. మీరు ఆపి వేసింది మొన్న అయితే, అప్‌టైమ్ నలభై నిమిషాలే చూపిస్తుంటే స్విచ్ తనంతట తానే పడిలేస్తోందన్న మాట. అప్పుడు కేబుళ్ల జోలికి వెళ్లకుండా నేరుగా కరెంటు దగ్గరికి రండి. అప్‌టైమ్ సరిగ్గా ఉంటే పోర్ట్ స్టాటిస్టిక్స్ పేజీకి వెళ్లి అంకెలను ఫొటో తీసుకుని, క్లియర్ నొక్కి, గంట తర్వాత మళ్లీ చూడండి. ఏళ్ల తరబడి పేరుకున్న అంకెలు ఏమీ చెప్పవు, ఈ గంటలో పెరిగినవే సాక్ష్యం.

సీఆర్‌సీ లేదా ఎఫ్‌సీఎస్ ఎర్రర్లు (చెడిపోయి వచ్చిన ప్యాకెట్ల లెక్క) ఒక పోర్టులో పెరుగుతుంటే అది భౌతికమైన లోపం: కేబుల్, కనెక్టర్, పోర్టు, అవతలి కార్డు, వీటిలో ఒకటి. బాగున్న పోర్టులో అది సున్నాగానే ఉండాలి. లేట్ కొలిజన్లు (ఆలస్యంగా ఢీకొన్న ప్యాకెట్లు) కనిపిస్తే డ్యూప్లెక్స్ పొత్తు కుదరలేదు. డ్యూప్లెక్స్ అంటే పంపడం, అందుకోవడం ఒకేసారి జరుగుతాయా (ఫుల్), వంతులవారీగానా (హాఫ్) అనేది. ఒక వైపు ఎవరో 100 ఫుల్ (స్పీడు 100 ఎంబీపీఎస్, ఫుల్ డ్యూప్లెక్స్) అని బిగించి ఉంటారు, ఇంకో వైపు ఆటోలో, అంటే అవతలితో మాట్లాడుకుని కుదుర్చుకునేలా ఉంటుంది. ఆటోలో ఉన్నదానికి అవతలి నుంచి సమాధానం రాక హాఫ్‌కు దిగిపోతుంది. హాఫ్ వైపు లేట్ కొలిజన్లు, ఫుల్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతాయి. లోడు తక్కువున్నప్పుడు ఏమీ తెలియదు, పని పెరిగే కొద్దీ బండి మొరాయిస్తుంది. రెండు వైపులా ఆటో పెట్టడమే మందు.

ఎర్రర్లు లేకుండా డ్రాప్స్ లేదా డిస్కార్డ్స్ అనే గడిలో అంకె పెరుగుతుంటే అది రద్దీ. అక్కడ పోర్టు స్పీడు చూడండి. 16 కెమెరాలు ఒక్కొక్కటి 4 ఎంబీపీఎస్ చొప్పున పంపినా 64 ఎంబీపీఎస్. పీఓఈ స్విచ్ నుంచి పెద్ద స్విచ్‌కు వచ్చే అప్‌లింక్ 1000లో, అంటే గిగాబిట్‌లో ఉంటే ఇది లెక్కలోకే రాదు. గిగాబిట్‌కు నాలుగు జతల వైర్లూ కావాలి, 100కు రెండే చాలు. 100కు అక్కర్లేని ఆ రెండు జతల్లో ఒకటి తెగినా చాలా స్విచ్‌లు చప్పుడు చేయకుండా 100కు దిగి పని కానిస్తాయి. దీపం వెలుగుతూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. సగటున 64 అయినా కెమెరాలన్నీ పూర్తి ఫ్రేమును ఒకేసారి పంపిన క్షణంలో 100 దాటుతుంది, స్విచ్ బఫర్ (ప్యాకెట్లు కాసేపు ఆగే చోటు) నిండుతుంది, పైనవి రాలిపోతాయి. ఎన్‌వీఆర్ పోర్టు 100లో ఉన్నా ఇదే కథ. ఇలాంటిది కనిపిస్తే ఒక ప్యాచ్ కార్డు మార్చడంతో పని అయిపోవచ్చు.

ఎర్రర్లు ఉన్న పోర్టుల నంబర్లన్నీ ఒకచోట రాయండి. చాలా మోడళ్లలో ఎనిమిదేసి పోర్టులకు ఒక చిప్ ఉంటుంది. 9 నుంచి 16 దాకా మాత్రమే ఎర్రర్లు ఉండి మిగతావి శుభ్రంగా ఉంటే ఆ చిప్పో దానికి అందే కరెంటో చెడింది. అప్పుడు సర్వరును, కాటాను వేరే గుంపు పోర్టుల్లోకి మార్చి సీజన్ గడిపేయొచ్చు. ఒకే పోర్టు అయితే కేబుల్‌ను పక్క పోర్టుకు మార్చి చూడండి. ఎర్రర్లు కేబుల్ వెంట పోతే కేబుల్, పాత పోర్టులోనే ఉండిపోతే పోర్టు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కేబుల్, పోర్టు, ప్యాచ్ కార్డు మూడూ ఒకేసారి మార్చేస్తే జబ్బు పోయినా ఏది నయం చేసిందో తెలియదు, వారానికి మళ్లీ మొదటికి వస్తారు.

ఇక కాటా గది. దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. రాగి ఈథర్నెట్ కేబుల్‌కు హద్దు 100 మీటర్లు, అందులో గోడలో పోయేది 90, రెండు చివర్ల ప్యాచ్ కార్డులకు 10. మీది 120. కొన్నాళ్లు నడిచిందంటే కేబుల్ మంచిదై ఉంటుంది, అంతే. కనెక్టర్ల పిన్నులకు తుప్పు పట్టే కొద్దీ, ఎండకు తొడుగు పెళుసెక్కే కొద్దీ ఆ మిగులు కరిగిపోతుంది. టెస్టర్ దీపాలను నమ్మొద్దు. అది ఈ చివర నుంచి ఆ చివరకు తీగ ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది. తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-బ్రౌన్, బ్రౌన్ అనే వరసకు బదులు రంగు జతలను పక్కపక్కనే పేర్చి రెండు వైపులా ఒకేలా కొట్టినా ఎనిమిది దీపాలూ వెలుగుతాయి. కానీ మెలి తిరిగిన జత విడిపోయి, ఒక జత మాట ఇంకో జతలో వినిపిస్తుంది. 120 మీటర్ల మీద అది చావుదెబ్బ. కనెక్టర్ దగ్గర మెలి విప్పింది 13 మిల్లీమీటర్లు దాటినా నష్టమే. పనిలో పనిగా ఒక తీగను బ్లేడుతో గీకండి. లోపల వెండి రంగు తేలితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అలాంటి కేబుల్‌ను గేటు దాకా లాగినవాళ్లకు మళ్లీ పని చెప్పకండి.

కొత్త రాగి కేబుల్ కూడా వేయించొద్దు. దూరం ఒక్కటే కారణం కాదు. మిల్లు బిల్డింగు ఎర్త్ వేరు, కాటా గది ఎర్త్ వేరు. పెద్ద మోటార్లు నడిచే చోట ఆ రెండింటి మధ్య వోల్టేజీ తేడా ఉంటుంది, పిడుగు పడిన రోజు అది ఒక్కసారిగా పెరుగుతుంది. అలా దెబ్బతిన్న పోర్టు చాలాసార్లు పూర్తిగా చావదు. దీపం వెలుగుతూ ఎర్రర్లు కక్కుతూ బతుకుతుంది. మీ గేటు పోర్టు ఇప్పటికే ఆ స్థితిలో ఉండొచ్చు. ఫైబర్ వేయించండి: సింగిల్ మోడ్ రకం, 4 కోర్ల (గాజు పోగుల) కేబుల్, రెండు చివర్ల మీడియా కన్వర్టర్ల (రాగి సంకేతాన్ని వెలుగుగా మార్చే పెట్టెల) జత. ఒక కోరు మీద నడిచే కన్వర్టర్లు ఏ, బీ అని జతగా వస్తాయి. ఒకటి 1310 నానోమీటర్ల మీద పంపితే రెండోది 1550 మీద పంపుతుంది. రెండూ ఏ రకమే తెస్తే లింకు రాదు, దుకాణంలోనే చూసుకోండి. గేటు దగ్గర చిన్న స్విచ్ ఉంటే కన్వర్టర్ స్పీడు దాని స్పీడుతో కలవాలి. కేబుల్‌లో ఉక్కు కవచం ఉంటే దాన్ని రెండు వైపులా ర్యాకులకు తగిలించొద్దు, తగిలిస్తే ఎర్త్‌లు మళ్లీ కలిసిపోతాయి. ఫైబర్ పోగులను అతికే స్ప్లైసింగ్ మిషను కోసం కర్నూలుకో బళ్లారికో పోనక్కర్లేదు, ఊళ్లో నెట్ లైన్లు లాగేవాళ్ల దగ్గర ఉంటుంది.

ఫైబర్ వచ్చేదాకా ఒక ఉపాయం. స్విచ్‌లో గేటు పోర్టును ఆటోలోనే ఉంచి, ఇవ్వజూపే స్పీడును 100కు పరిమితం చేయండి. 100 ఫుల్ అని బిగించేయడం కాదు, అలా చేస్తే పైన చెప్పిన డ్యూప్లెక్స్ తిప్పలే. 1000 మీద తడబడే పొడవు 100 మీద చాలాసార్లు నిలబడుతుంది. కాటా కంప్యూటర్‌కు, గేటు కెమెరాలకు 100 ఎక్కువే. గేటు స్విచ్ అడాప్టర్ కూడా ఒకసారి ముట్టుకుని చూడండి. రేకుల కింద ఉండే అడాప్టర్లు ముందు చస్తాయి.

ఇప్పుడు పదకొండు గంటల జబ్బు. పావుగంట బాగుండి మళ్లీ మొదలవుతోందన్నారు, అది మంచి ఆనవాలు. ఫర్మ్‌వేర్ (స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్) లోపమో మెమొరీ నిండడమో అయితే ఆపి వేసినప్పుడల్లా రోజులు, వారాలు కలిసి రావాలి. నిమిషాల్లోనే తిరిగొచ్చేది వేడి, లేదా కరెంటు. ఈ రెండింటిని విడదీయడానికి ఒక ప్రశ్న: ఏప్రిల్, మే నెలల్లో, జిన్నింగ్ ఆగి ఆఫీసు మాత్రం నడిచినప్పుడు స్విచ్ ఎలా ఉంది? ఆదోని ఎండ అప్పుడు 40 దాటుతుంది. ఆ ఎండలో బాగుండి సీజన్‌లోనే చెడిందంటే వేడి కన్నా మిల్లు కరెంటు మీద అనుమానం ఎక్కువ. ఎండలో కూడా చెడిందంటే వేడే.

వేడిని తేల్చడం తేలిక. ర్యాక్ తలుపు తీసి, స్విచ్ పక్క గాలి రంధ్రాలను టార్చి వేసి చూడండి. మిల్లు ఆఫీసుల్లో అక్కడ దుమ్ము కాదు, దూది పీచు కంబళిలా అల్లుకుని ఉంటుంది. గోరుతో లాగితే అట్టలా ఊడొస్తుంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించినా అది లాగే గాలి లోపలికి పోదు. మీ స్విచ్ కాగితంలో ఎంత వేడి దాకా నడుస్తుందో రాసి ఉంటుంది, ఆఫీసు రకాలకు 40 నుంచి 50 డిగ్రీల మధ్య. అది ర్యాక్ లోపలి గాలికి, బయటి నీడకు కాదు. ఒక రోజంతా తలుపు తీసి పెట్టి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టి పింగ్ నడపండి. పదకొండుకు, రెండుకు అంకెలు శుభ్రంగా ఉంటే కారణం దొరికినట్టే.

పీచు తీసేటప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, బ్రష్‌తో తీయండి. మిల్లు కంప్రెసర్ పైపు మాత్రం పెట్టొద్దు. దాని గాలిలో నీటి తుంపర ఉంటుంది, ఆ వేగానికి ఫ్యాను గిరగిరా తిరిగి బేరింగు పోతుంది. చేతి బ్లోయర్ చాలు, అదీ ఫ్యాను రెక్కను పుల్లతో ఆపి పట్టుకుని. ఫ్యాను గీరుతున్నా, తోస్తే గానీ తిరగకపోయినా మార్చాలి. సాధారణంగా 40 మిల్లీమీటర్ల, 12 వోల్టుల ఫ్యాను ఉంటుంది. మందం కూడా కొలిచి, రెండు వైర్లదా మూడు వైర్లదా చూసి, బాల్ బేరింగ్‌ది అడిగి తెచ్చుకోండి.

కరెంటును తేల్చే పద్ధతి వేరు. జిన్నింగ్ నడుస్తూ ప్యాకెట్లు పోతున్న వేళ, స్విచ్‌ను యూపీఎస్ మీద పెట్టి, యూపీఎస్ ప్లగ్గును గోడ నుంచి పీకేయండి. బ్యాటరీ మీద నడిచే ఆ పది నిమిషాలూ లాస్ ఆగి, ప్లగ్గు పెట్టగానే మొదలైతే మిల్లు లైన్‌లోని చెత్త స్విచ్ దాకా వస్తోంది. ఆఫీసుకు మోటార్లతో పొత్తు లేని వేరే లైన్ లాగించి, ఎర్త్ చూపించి, ఆన్‌లైన్ రకం యూపీఎస్ (గోడ కరెంటును నేరుగా వదలకుండా ఎప్పుడూ తిరిగి తయారుచేసి ఇచ్చేది) పెట్టాలి. డేటా కేబుళ్లు మోటార్ కేబుళ్లతో ఒకే ట్రేలో పోతుంటే విడదీయండి. దాటక తప్పని చోట అడ్డంగా, లంబంగా దాటించండి.

వేడీ కరెంటూ రెండూ చివరికి దెబ్బ కొట్టేది ఒకేచోట, పవర్ సప్లైలోని కెపాసిటర్ల (కరెంటును నిలవచేసి అలలు తగ్గించే భాగాల) మీద. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుంది. లోపలి ద్రవం ఎండి, స్విచ్ చిప్పులకు కరెంటు అందించే 12 వోల్టుల లైను మీద అలలు మిగిలిపోతాయి. పొద్దున చల్లగా, లోడు తక్కువగా ఉన్నప్పుడు నెట్టుకొస్తుంది, మధ్యాహ్నానికి పోర్టు చిప్పులు తడబడతాయి. పైమూత ఉబ్బినా, అడుగున గోధుమరంగు మరక కనిపించినా అది పోయినట్టే. ఉబ్బకుండా పోయేవీ ఉంటాయి, ఈఎస్ఆర్ మీటర్ (కెపాసిటర్ లోపలి నిరోధాన్ని కొలిచేది) పెడితేనే దొరుకుతాయి. మీరు మాత్రం విప్పకండి. 230 వోల్టుల ఏసీ లోపల దాదాపు 325 వోల్టుల డీసీ అయి పెద్ద కెపాసిటర్‌లో నిలుస్తుంది, ప్లగ్గు పీకాక కూడా కాసేపు ఉంటుంది. యూపీఎస్‌లు బాగుచేసే మెకానిక్‌కు ఇచ్చి, అవుట్‌పుట్ వైపు ఉన్నవన్నీ ఒకేసారి మార్చమనండి. మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టులు అంతే గానీ ఎక్కువ గానీ, 105 డిగ్రీల లో ఈఎస్ఆర్ రకం. బిగించాక లోడు మీద 12 వోల్టుల లైను 11.4కు 12.6కు మధ్య ఉందో లేదో మీ ముందే చూపించమనండి.

సేటుకు చెప్పాల్సిన వరస ఇది. ముందు గేటుకు ఫైబర్, అది ఏ స్విచ్ ఉన్నా తప్పదు. తర్వాత ర్యాక్ జిన్నింగ్ వైపు గోడకు ఉంటే దాన్ని తీసి లోపలి గదికి మార్చడం. ఆ తర్వాతే స్విచ్. పదేళ్లు దాటిన దాన్ని బాగుచేయించి వాడుకోవచ్చు గానీ, సీజన్ నడిమధ్యలో దాన్నే నమ్ముకోవడం మాకు ఇష్టం లేదు. ఫ్యాన్, కెపాసిటర్లు మార్పించి అలమారలో స్పేరుగా ఉంచండి. కొత్తది కొనేటప్పుడు పీచు ఉన్న చోటు కాబట్టి ఫ్యాను లేనిది, 50 డిగ్రీల దాకా నడుస్తుందని రాసి ఉన్నది, పోర్టు ఎర్రర్ల లెక్క చూపించేది అడగండి. పాతదాన్ని విప్పే ముందు దాని కాన్ఫిగరేషన్‌ను ఫైలుగా దించుకుని, కేబుళ్లకు రెండు చివర్లా పోర్టు నంబరు అంటించండి. మార్పు ఆదివారం జిన్నింగ్ ఆగాక పెట్టుకుని, సోమవారం పొద్దున మొదటి బండి కాటా ఎక్కేలోపు ఆ మూడు పింగ్ విండోలూ మళ్లీ తెరిచి ఉంచండి.